తెగిన తీగ ఎక్కడుంది?

పాత సామాను పారెయ్యటం విషయంలో నాకూ మా ఆవిడకూ ముప్ఫై ఏళ్లుగా సంధి కుదరలేదు. నేను దాస్తాను, ఆమె పారేస్తుంది. పారేసినవాటిలో సగం నేను మళ్లీ తెచ్చి అటకమీద పెడతాను. విచిత్రమేమంటే ఆవిడ పుట్టింట్లో మాత్రం ఏ వస్తువునూ పారెయ్యరు. కుందుర్పిలో మా అత్తవారింటి వసారాలో మా మామగారి సైకిలు ఇప్పటికీ గోడకు ఆనించి వుంది. ఆయన పోయి పన్నెండేళ్లయింది. టైర్లలో గాలి లేదు. సీటు తోలు ఎలుకలు కొరికాయి. అయినా వారానికోసారి మా అత్తగారు తడిగుడ్డతో దాని హ్యాండిలు తుడుస్తారు. ఆ సైకిలు ముందు చక్రం దగ్గర ఒక డైనమో వుంది. ఈ వారం నేను చెప్పబోయేది ఆ డైనమో సంగతి.

కుందుర్పి చూడనివారి కోసం రెండు మాటలు. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళితే వస్తుంది. కొండా, కొండమీద పాత కోటా, చుట్టూ ఎర్రనేలా. సంతలో తెలుగూ కన్నడమూ ఒకే బేరంలో దొర్లుతాయి. జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతం. పాత లెక్కలో చెప్పాలంటే ఇరవై రెండంగుళాలు. అదైనా పడవలసిన నెలలో పడుతుందన్న నమ్మకం లేదు. అందుకని అక్కడివాళ్లు వానను నమ్మి సెనక్కాయ విత్తుతారు, బోరును నమ్మి టమాటా నాటుతారు. బోరులో నీళ్లుండటం ఒక అదృష్టం. ఉన్న నీళ్లను పైకి తెచ్చే మోటరు నడవటం రెండో అదృష్టం.

పోయిన శివరాత్రి వెళ్లిన వారం మేము అక్కడికి వెళ్లేసరికి ఆ రెండో అదృష్టం చెడి వుంది. మా బావమరిది వసారాలో తలపట్టుకొని కూర్చున్నాడు. కాళ్లకు నీళ్లిచ్చిన తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"మోటరు కాలిపోయిండాదంట బావా. నిన్న పొద్దున్నుంచి నీళ్లు లేవు. రెండెకరాల టమాటా కాయ మీద ఉండాది."

స్టార్టరు నొక్కితే "బుయ్" మని ఒక మూలుగు, క్షణం తర్వాత "టప్" మని స్టార్టరు పడిపోవటం. ఆ మూలుగును ఫోనులోనే విన్న ఒక మెకానిక్కు, "కాలిపోయింది, ఎత్తాల్సిందే" అని తేల్చి చెప్పాడట. ఎత్తాలంటే బండి రావాలి. ఐదు వందల అడుగుల పైపు ఒక్కొక్కటే విప్పాలి. మోటరు టౌనుకు పోవాలి, వైండింగు కావాలి, మళ్లీ దింపాలి. ఎంత లేదన్నా ఇరవై వేలు, నాలుగైదు రోజులు. డబ్బుకోసం మరునాడు పొద్దున్నే అతని భార్య గాజులు బ్యాంకులో పెట్టటానికి నిర్ణయమైపోయింది. ఆ అమ్మాయి అప్పటికే వాటిని తీసి, ఒక గుడ్డలో మూటకట్టి, అలమరాలో పెట్టింది. ఖాళీ చేతులతోనే మాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. అది చూశాక నాకు నోరు వూరుకోలేదు.

"ఎత్తే ముందు ఒకసారి పరీక్ష చేశారా?" అన్నాను.

"ఐదొందల అడుగుల కింద ఉండేదాన్ని యాడ పరీక్ష చేసేది బావా?"

ఇక్కడే వుంది కిటుకు. మోటరు ఎంత లోతున వున్నా, దాని మూడు తీగల కొనలు పైన స్టార్టరు పెట్టెలో మన చేతికందేలా వుంటాయి. ఒక కొనలో కరెంటు పంపిస్తే అది కిందికి దిగి, మోటరు లోపలి చుట్టల్లోంచి పోయి, రెండో తీగగుండా పైకి తిరిగి రావాలి. వస్తే దారి వున్నట్టు. రాకపోతే ఎక్కడో తెగినట్టు. మూడు తీగల్లో ఒకటి తెగినా మోటరు సరిగ్గా అలాగే మూలుగుతుంది. మూడు కాళ్ల మీద నిలవవలసింది రెండు కాళ్ల మీద లేవబోయి లేవలేక, ఎక్కువ కరెంటు తాగుతుంది. దాన్ని కాపాడటానికి స్టార్టరు పడిపోతుంది. కనుక ఆ మూలుగు కాలిపోయిన మోటరుదే కానక్కరలేదు.

ఈ పరీక్షకు మీటరు కావాలి. మా బావమరిది దగ్గర మీటరు వుంది. కాని లోపలి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి, ఉప్పు చిమ్మి, బిళ్లలను కూడా తినేసింది. పెట్టెలో పడేసి ఏడాదికోసారి బయటికి తీసే ప్రతి మీటరుకూ ఇదే గతి. రాత్రి ఎనిమిదింటికి అలాంటి బ్యాటరీ వూళ్లో దొరకలేదు.

"సీరీసు బల్బు పెడితే పోలేదా?" అన్నాడు బావమరిది. చాలామంది పనివాళ్లు చేసేది అదే. ఇంటి కరెంటుకు ఒక బల్బును వరసలో కలిపి, మిగిలిన రెండు కొనలతో తీగలు ముట్టించి చూస్తారు. బల్బు వెలిగితే దారి వున్నట్టు. కాని ఆ కొనల మీద వున్నది 230 వోల్టులు. చెయ్యి జారితే బల్బు వెలగదు, మనిషి ఆరిపోతాడు. పైగా బోరు దగ్గర తడినేల, తడికాళ్లు. అది వద్దన్నాను.

అలా ఆలోచిస్తూ వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటే మోకాలికి మా మామగారి సైకిలు తగిలింది.

డైనమోకు బ్యాటరీ అక్కరలేదు. లోపల ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని చుట్టూ రాగితీగ చుట్ట కదలకుండా వుంటుంది. తిప్పినంతసేపు కరెంటు, ఆపితే ఏమీ లేదు. అయస్కాంతం కదిలితే పక్కనున్న తీగలో కరెంటు పుడుతుందని లండనులో మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టాడు. మన జిల్లా కొండలమీద తిరిగే గాలిమరలు కూడా ఆ సూత్రానికి మనవళ్లే. సైకిలు డైనమో వాటిలో అందరికంటె చిన్న మనవడు. సాధారణంగా ఆరు వోల్టులు, మూడు వాట్లు. ఇలాంటి పనికి అది కూడా ఎక్కువే.

కాని దాన్ని విప్పాలంటే మా అత్తగారి అనుమతి కావాలి. ఆవిడ పాతకాలం మనిషి. అల్లుడితో సూటిగా మాట్లాడరు. మనవణ్ణి మధ్యన పెట్టుకొని మాట్లాడతారు. తలుపు చాటునుంచి అన్నీ వింటూనే వున్నారు.

"ఒరే, మీ మామకు చెప్పు. విప్పితే విప్పమను. ఆయప్ప ఉంటే ఆయప్పే విప్పి ఇచ్చుండు. పనైనాక మళ్లీ ఉన్న చోటనే బిగించాల."

షరతుకు ఒప్పుకున్నాను.

మిగిలిన సామాను ఇంట్లోనే దొరికింది. వినాయక చవితికి పందిట్లో వేలాడదీసిన చిన్న దీపాల దండ ఒకటి సగం చెడిపోయి మూలనుంది. దానిలోంచి బాగున్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపాలు రెండు తీశాము. ఎర్రటి వెలుగిచ్చే ఎల్.ఇ.డి.ని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లో చేసి చూపించాడు. ఆనాడది ప్రయోగశాలలో వింత. ఇప్పుడు పందిరి అలంకారం! వెలగటానికి దానికి రెండు వోల్టులకు కాస్త తక్కువైనా చాలు, కరెంటు చిటికెడు చాలు. పాత టార్చి బల్బు అయితే డైనమోను గట్టిగా తిప్పాలి. ఎల్.ఇ.డి.కి అంత శ్రమ అక్కరలేదు.

అయితే డైనమో ఇచ్చే కరెంటు ఒకే దిక్కున పోదు; ముందుకూ వెనక్కూ వూగుతుంది. ఎల్.ఇ.డి. మాత్రం ఒకే దిక్కున కరెంటు పోనిస్తుంది. ఎదురు దిక్కున సుమారు ఐదు వోల్టులు దాటి తోస్తే చెడిపోతుంది. అందుకని రెండింటిని పక్కపక్కన, ఒకదాని తల రెండోదాని తోక వైపు వచ్చేట్టు కలిపాము. కరెంటు ముందుకు పోయినప్పుడు ఒకటి వెలుగుతుంది, వెనక్కు వచ్చినప్పుడు రెండోది. ఒకటి వెలుగుతున్నంతసేపు రెండోదానిమీద రెండు వోల్టులకు మించి పడదు. అలా ఒకదాన్నొకటి కాచుకుంటాయి.

మూల పడిన టేపురికార్డరు లోంచి మా అల్లుడు 470 ఓముల రెసిస్టెన్సు ఒకటి కత్తిరించి తెచ్చాడు. పదో తరగతి చదువుతున్నాడు. రంగు గీతలు చదవటం వచ్చు. పసుపు, ఊదా, గోధుమ. ఇది ఎందుకంటే, డైనమోను మరీ వేగంగా తిప్పితే వోల్టులు పెరిగి ఎల్.ఇ.డి.లు మాడిపోతాయి. దారిలో ఈ రెసిస్టెన్సు వుంటే కరెంటు అదుపులో వుంటుంది.

డైనమోను దాని క్లాంపుతోనే ఒక పాత పీటకు బిగించాము. డైనమో అడుగున తీగ బిగించే చోటు ఒక్కటే కనిపిస్తుంది. రెండోది ఎక్కడని కంగారు పడకండి. దాని ఒళ్లే రెండోది. క్లాంపు దగ్గర రంగు గీకి, తళతళలాడే ఇనుము కనిపించిన చోట మరో తీగ బిగించాలి. ఒక తీగ రెసిస్టెన్సులోంచి, జంట దీపాల్లోంచి పోయి ఒక క్లిప్పు దగ్గర ముగుస్తుంది. రెండో తీగ తిన్నగా మరో క్లిప్పు దగ్గర ముగుస్తుంది. క్లిప్పులంటే తీగను కొరికి పట్టుకొనే రకం. అంతే పరికరం. రెండు క్లిప్పుల మధ్య దారి వుంటే దీపం వెలుగుతుంది, లేకపోతే వెలగదు.

రెండు క్లిప్పులనూ ఒకదానికొకటి కరిపించి, నేను డైనమో తల పట్టుకొని వేళ్లతో గిర్రున తిప్పాను. దీపం వెలగలేదు. మళ్లీ తిప్పాను. ఒక చిన్న మిణుకు మెరిసినట్టే మెరిసి పోయింది. పిల్లలంతా చుట్టూ చేరారు. మా ఆవిడ ముఖం చూడకుండా మూడోసారి తిప్పాను. లాభం లేదు. తీగలన్నీ విప్పి మళ్లీ కలిపాను. తప్పు తీగల్లో లేదు, నా వేళ్లలో వుంది. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే అంత వోల్టేజి. సైకిలు పరుగెడుతున్నప్పుడు ఆ చిన్న తల సెకనుకు యాభై అరవై సార్లు తిరుగుతుంది. నా వేళ్లు నాలుగైదు సార్లు తిప్పితే గొప్ప.

అప్పుడు తలుపు చాటునుంచి వినిపించింది:

"ఒరే, మీ మామకు చెప్పు. వేళ్లతో మజ్జిగ ఎవురన్నా చిలుకుతారా? తాడెయ్యమను."

నేను నవ్వబోయి ఆగాను. కవ్వానికి తాడు చుట్టి, రెండు కొనలూ చెరో చేత్తో పట్టుకొని ఒకటి లాగి ఒకటి వదలటం మన ఇళ్లలో ఎన్ని తరాలుగా వుంది! డైనమో తల చుట్టుకొలత రెండున్నర అంగుళాలు. రెండు చుట్లు చుట్టి, ముప్ఫై అంగుళాల తాడు అర సెకనులో లాగితే తల పన్నెండు సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు ఇరవై నాలుగు. పాత నూలుతాడు తెచ్చి చుట్టాము. ఒక్క లాగుకు దీపాలు రెండూ భగ్గుమన్నాయి. వెనక్కు లాగితే మళ్లీ వెలిగాయి. ఎటు తిరిగినా డైనమోకు ఒకటే. పిల్లలు వరసలో నిలబడి తలా కాసేపు చిలికారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ గాజుల మాట ఎత్తలేదు. కాని మూట అలమరాలోనే వుంది.

మరునాడు పొద్దున్నే పొలానికి వెళ్లాము. మోటరు షెడ్డులో స్టార్టరు విప్పటం తెలిసినవాళ్లు చెయ్యవలసిన పని. మా బావమరిదికి అది పదేళ్ల అలవాటు కనుక చెయ్యనిచ్చాను. మెయిను స్విచ్చి కట్టేసి, మూడు ఫ్యూజులూ పీకి, మా అల్లుడి జేబులో పెట్టాము. "ఎవరడిగినా ఇవ్వకురా, నేనడిగినా ఇవ్వకు" అని చెప్పి వాణ్ణి షెడ్డు బయట గట్టు మీద కూర్చోబెట్టాము. మెయిను కట్టేసినా దానికి పైనుంచి వచ్చే తీగల్లో కరెంటు వుంటుందని మరిచిపోరాదు. ఆ వైపు చెయ్యి పోనివ్వలేదు. మోటరుకు పోయే మూడు తీగలనూ టెస్టరు స్క్రూడ్రైవరుతో ముట్టి చూశాక, ఒక్కొక్కదానికీ ఒక్కో రంగు దారం కట్టి, అప్పుడు విప్పాము. దారాలెందుకంటే, మళ్లీ బిగించేటప్పుడు ఏ రెండు తారుమారైనా మోటరు వెనక్కు తిరుగుతుంది. నీళ్లు సరిగా రావు.

క్లిప్పులు ఒకటో తీగకూ రెండో తీగకూ పెట్టి చిలికాము. దీపం వెలిగింది! అంటే ఒకటో తీగ ఐదు వందల అడుగులు దిగి, మోటరులోకి వెళ్లి, రెండో తీగ వెంట తిరిగి వచ్చింది. రెండుకూ మూడుకూ పెడితే వెలగలేదు. ఒకటికీ మూడుకూ పెడితే వెలగలేదు. నేరం మూడో తీగదే అని తేలింది.

"అయితే కింద తెగిండాదేమో. ఎట్లా ఎత్తాల్సిందే గదా?" అన్నాడు బావమరిది.

"తొందరపడకు. షెడ్డునుంచి బోరు దాకా ఎంత దూరం?"

"ముప్ఫై అడుగులుంటాది."

ఆ ముప్ఫై అడుగులూ తీగలు భూమిలో పాతిన పైపులోంచి పోతాయి. బోరు మూతి దగ్గర, కిందినుంచి వచ్చే కేబులుకు వాటిని టేపు చుట్టి అతికి వుంచారు. పీటను అక్కడికి మోసుకుపోయాము. మూడో తీగ అతుకు విప్పి, పై ముక్కను వదిలేసి, కింది ముక్కకు ఒక క్లిప్పు పెట్టాము. ఒకటో తీగ అతుకు దగ్గర టేపు తీసి రెండో క్లిప్పు పెట్టాము. తాడు లాగాను.

దీపం వెలిగింది.

అంటే బోరులో వున్నదంతా బాగానే వుంది. కేబులు తెగలేదు, మోటరు చుట్ట తెగలేదు. తెగింది మన కాళ్ల కింది ముప్ఫై అడుగుల్లో. మా బావమరిది ఒక్క నిమిషం పలకలేదు. తర్వాత పార తెచ్చాడు. ఎక్కడ తవ్వాలో అతనికే తెలిసింది. పోయిన నెలలో డ్రిప్పు పైపు కోసం కాలువ తీసిన చోటికే నేరుగా వెళ్లాడు. అడుగు లోతున పైపు పగిలి వుంది. లోపల ఒక తీగకు పార దెబ్బ. ఆనాడు కొంచెం తెగి, నెలరోజుల తడికి చిలుము పట్టి, మొన్న పూర్తిగా విడిపోయింది.

"ఎవరు తవ్వినారో ఈ కాలువ?" అన్నాను, తెలియనట్టు.

"తవ్వినోడు నీ ముందరే ఉండాడు బావా" అన్నాడు. ఇద్దరమూ నవ్వాము. ఆ నవ్వులో అతనికి రెండు రోజుల భారం దిగిపోయింది.

ఆ ముప్ఫై అడుగులకూ కొత్త తీగ లాగి, కొత్త పైపు వేసి, దారాల గుర్తు ప్రకారం బిగించి, అల్లుడి దగ్గర ఫ్యూజులు అడిగితే వాడు ఇవ్వనన్నాడు! "నువ్వే గదా మామా ఎవరడిగినా ఇవ్వొద్దంటివి!" వాణ్ణి మెచ్చుకొని, అందరం షెడ్డులోంచి చేతులు తీశామని చూపించి, ఫ్యూజులు తీసుకున్నాము. కరెంటు వంతు వచ్చాక స్టార్టరు నొక్కితే మూలుగు లేదు. కొంచెం సేపటికి పైపులోంచి ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు వచ్చాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ అమ్మాయి వడ్డిస్తుంటే గాజుల చప్పుడు వినిపించింది.

ఇక్కడితో ముగిస్తే నాకు చాలా గౌరవంగా వుండేది. కాని మిగతా సగం చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఇలాంటి వార్త వూళ్లో ఎంతసేపు ఆగుతుంది? సాయంత్రానికి పక్క చేను పెద్దాయన వచ్చాడు. ఆయన మోటరు కూడా నడుస్తూ నడుస్తూ పడిపోతున్నదట. నేను విజయగర్వంతో పీట చంకన పెట్టుకొని వెళ్లాను. మూడు జతలూ పరీక్షించాను; మూడూ చక్కగా వెలిగాయి. ఒక్కొక్క తీగకూ బోరు ఇనుప పైపుకూ మధ్య పెట్టి చూశాను. వెలగలేదు. వెలగకూడదు కూడా. "మీ మోటరు దివ్యంగా వుంది. లోపం స్టార్టరుది" అని తీర్పు చెప్పేశాను. ఆయన నా మాట నమ్మి స్టార్టరులో కొత్త సామాను వేయించాడు. మోటరు మళ్లీ పడిపోయింది. రెండు రోజులు పోయాక వేరే మెకానిక్కు వచ్చి మెగ్గరు పెట్టి చూశాడు. ముల్లు తిన్నగా సున్నా వైపు పోయింది. మోటరు చుట్ట మీది పొర చెడి, లోపల కరెంటు నేలకు కారిపోతున్నది. ఎత్తక తప్పలేదు.

మెగ్గరు కూడా బ్యాటరీ లేని పరికరంగానే పుట్టింది. ఇంగ్లండులో సిడ్నీ ఎవర్‌షెడ్ 1889లో దాని తొలి రూపానికి పేటెంటు తీసుకున్నాడు. మెగ్గర్ అన్న పేరు 1903లో నమోదైంది. చేతి పిడి తిప్పితే లోపలి డైనమో వందల వోల్టులు పుట్టిస్తుంది. పంపుల మోటర్లకు మామూలుగా వాడేది 500 వోల్టుల రకం. నా కవ్వం పుట్టించేది నాలుగైదు వోల్టులు. నాలుగైదు వోల్టులకు నిలిచిన పొర 400 వోల్టుల కరెంటు తగలగానే చిట్లిపోవచ్చు. ఆ సంగతి నా దీపానికి తెలియదు. అలాగే చుట్టలో కొన్ని వరసలు ఒకదానికొకటి అంటుకుపోయినా దీపం మామూలుగానే వెలుగుతుంది. దారిలో ఒక ఓము వున్నా, వంద ఓములున్నా ఆ వెలుగులో తేడా కంటికి ఆనదు. కనుక వదులుగా వున్న అతుకును కూడా అది బాగుందనే చెబుతుంది. కొన్ని మోటర్లలో చుట్టలు త్రికోణంగా కలిపి వుంటాయి. వాటిలో ఒక చుట్ట తెగినా, మిగిలిన రెండింటి చుట్టూ తిరిగి వచ్చి దీపం వెలుగుతుంది. ఇవన్నీ నాకు తెలిసినవే. ఆ సాయంత్రం జ్ఞాపకం రాలేదు, అంతే.

పెద్దాయన ఇంటికి వెళ్లి, స్టార్టరు సామాను ఖరీదు నేనిస్తానన్నాను. ఆయన తీసుకోలేదు.

"నీ దీపం అబద్ధం చెప్పలేదప్పా. దారి ఉండాదా అంటే ఉండాదనె. మోటరు బాగుండాదని చెప్పింది నువ్వు" అన్నాడు.

కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా బాగా తగిలింది.

ఇది ఇళ్లలో ఎలా పనికివస్తుందో చెప్పి ముగిస్తాను. పొలం లేనివాళ్లకు కూడా ఇస్త్రీ పెట్టె వుంటుంది కదా. అది వేడెక్కకపోతే ప్లగ్గు గోడనుంచి పూర్తిగా తీసేసి, ప్లగ్గు రెండు చిన్న ముళ్లకూ క్లిప్పులు పెట్టి, పెట్టె వేడి మీట తిప్పి, తాడు లాగండి. వెలగకపోతే తీగో, లోపలి కాయిలో తెగింది. ఎక్కువసార్లు తెగేది తీగే, అదీ పెట్టెలోకి దూరే చోట. తీగను అక్కడ మెల్లగా వంచుతూ లాగితే దీపం వెలిగి ఆరుతుంది, దొంగ దొరికినట్టే. నీళ్లు కాచే హీటరుకూ ఇదే పరీక్ష. ఫ్యూజు తీగ, పాత రకం బల్బు, స్విచ్చి, పొడుగు తీగల బోర్డు, అన్నీ విప్పి చేతిలోకి తీసుకొని చూడవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. ప్లగ్గులో లావుపాటి మూడో ముల్లుకూ ఇస్త్రీ పెట్టె ఇనుప ఒంటికీ క్లిప్పులు పెట్టండి. ఇక్కడ దీపం తప్పక వెలగాలి. వెలగకపోతే ఎర్తు తీగ తెగిందన్నమాట. పెట్టె వేడెక్కుతూనే వుంటుంది, మీకు ఏ లోపమూ కనిపించదు. ఏదో ఒకనాడు లోపలి తీగ ఒంటికి తగిలినప్పుడు ఆపద ముట్టుకున్నవాళ్లమీద పడుతుంది. చిన్న ముళ్లకూ ఒంటికీ మధ్య మాత్రం వెలగకూడదు. వెలిగితే ఆ పెట్టెను ఆనాటినుంచి వాడవద్దు. వెలగకపోయినా, ముట్టుకుంటే చిమచిమలాడే వస్తువును నా దీపం మాట విని నమ్మవద్దు.

మరి మూడు జాగ్రత్తలు. పరీక్షించే వస్తువుకు కరెంటుతో ఏ సంబంధమూ వుండరాదు. స్విచ్చి కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకాలి. ఫ్యానులకూ, ఒంటి ఫేజు మోటర్లకూ వుండే కండెన్సరు కరెంటు తీసేసిన తర్వాత కూడా దెబ్బ కొట్టగలదు. దాని జోలికి తెలిసినవాళ్లే పోవాలి. టి.వి., సెల్‌ఫోను చార్జరు వంటివాటి లోపలికి ఈ పరికరం పెట్టవద్దు. చెప్పేదేమీ వుండదు, చెడగొట్టేది వుండవచ్చు. ఇక పరీక్షకు ముందొకసారి, తర్వాత ఒకసారి రెండు క్లిప్పులూ ఒకదానికొకటి ముట్టించి దీపం వెలుగుతున్నదో లేదో చూడండి. పరికరం తీగే తెగి వుంటే లోకంలోని తీగలన్నీ తెగినట్టే కనిపిస్తాయి.

ప్రయాణం రోజున మా అత్తగారి మాట జ్ఞాపకం వచ్చింది. ఆవిడ జ్ఞాపకం చెయ్యలేదు. తడిగుడ్డ పట్టుకొని సైకిలు దగ్గర నిలబడ్డారు, అంతే. పీటమీదినుంచి డైనమో విప్పి, మా మామగారి ముందు చక్రం పక్కన వెనకటిలాగే బిగించాను. ఆవిడ హ్యాండిలుతోబాటు దాన్ని కూడా తుడిచారు.

అనంతపురం చేరిన వారానికి పాత సామాన్ల అంగట్లో ఒక డైనమో బేరమాడి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలోనే ఆపుతుందని జంకుతూనే వచ్చాను. ఆమె నా చేతిలోదాన్ని చూసి, లోపలికి వెళ్లి, కవ్వం తాడు తెచ్చి ఇచ్చింది. "మరి ఆ ఇస్త్రీ పెట్టె సంగతి చూడండి, ముట్టుకుంటే చిమచిమలాడుతోంది" అంది.

మూడో ముల్లుకు పెట్టి చూశాను. వెలగలేదు.